ఎంచుకో అన్నాను

1945 అక్టోబరు 29 సాయంత్రం పారిస్‌లో తత్వవేత్త జాన్ పాల్ సార్త్ర్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. జర్మన్ సైన్యం ఆ నగరాన్ని వదిలి వెళ్లి అప్పటికి ఏడాది దాటింది. హాలు క్రిక్కిరిసిపోయింది. ఆయన చెప్పే అస్తిత్వవాదం జనానికి నిరాశ నూరిపోస్తోందని ఒకవైపు కమ్యూనిస్టులు, మరోవైపు కాథలిక్కులు దుమ్మెత్తి పోస్తున్న కాలం. వాళ్లకు జవాబు చెబుతూ ఆయన తన దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థి కథ చెప్పాడు. ఆ కుర్రవాడి అన్న 1940లో జర్మన్ల దాడిలో చనిపోయాడు. తండ్రి శత్రువు పక్షానికి మొగ్గుతున్నాడు, తల్లికీ ఆయనకూ పడటం లేదు. ఆమెకు ఈ చిన్న కొడుకు తప్ప మరో ఆసరా లేదు. ఇంగ్లండు వెళ్లి అక్కడున్న ఫ్రెంచి సేనల్లో చేరాలా, తల్లి దగ్గరే ఉండిపోవాలా? ఏ మతగ్రంథమూ, ఏ నీతిశాస్త్రమూ ఈ ముడి విప్పలేవన్నాడు సార్త్ర్. ఆ కుర్రవాడికి ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. స్వేచ్ఛ నీకుంది గనుక నిర్ణయమూ నీదేనని చెప్పి పంపాడు.

ఈ కథను నా యౌవనమంతా వెంట తిప్పుకున్నాను. దాన్ని పట్టుకుని ఒక మనిషికి అన్యాయం చేశాను. ఆ మనిషి నా చెల్లెలు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు. నాకు తెలుసు అన్న నమ్మకంతోనే చేశాను.

వాల్తేరులో ఎం.ఎ. చదివే రోజుల్లో ఆ ఉపన్యాసం ఇంగ్లీషు అనువాదం నా చేతికి వచ్చింది. పల్చటి పుస్తకం. అప్పటిదాకా మా ఇంట్లో ప్రతిదానికీ ముందే రాసిపెట్టిన కారణం ఒకటి ఉండేది. నాన్నకు ప్రమోషను రాకపోతే శని దశ. అమ్మ మంచాన పడితే పూర్వజన్మ కర్మ. పక్కింటి కుర్రాడు చెడిపోతే అది వాళ్ల వంశంలోనే ఉంది. మనిషి ఫలానా స్వభావంతో పుడతాడు, చచ్చేదాకా అది వదలదు. ఈ మాటను మా చుట్టుపక్కల ఎవరూ తిరిగి ప్రశ్నించగా నేను వినలేదు. సార్త్ర్ దాన్ని తలకిందులు చేశాడు. మనిషి ముందు ఈ లోకంలోకి వచ్చి పడతాడు, తానేమిటో ఆ తర్వాత తన పనులతో తయారు చేసుకుంటాడు. మానవ స్వభావమంటూ ముందే ఊహించి పెట్టిన దేవుడు లేడు, కాబట్టి అలాంటి స్వభావమూ లేదు. అది చదివాక నాకు ఊపిరి తిరిగింది. జాతకాల మధ్య నుంచి వచ్చిన ఇరవై ఏళ్లవాడికి అంతకంటే పెద్ద కానుక ఏ పుస్తకమూ ఇవ్వలేదు. ఇప్పటికీ ఆ ఊపిరిని నేను కాదనను.

ఆ స్వేచ్ఛ ఎక్కడ పుట్టిందో కూడా తెలుసుకున్నాను, దానితో గౌరవం ఇంకా పెరిగింది. సైన్యంలో సార్త్ర్ పని వాతావరణ పరిశీలన. 1940 జూన్‌లో జర్మన్లకు యుద్ధఖైదీగా చిక్కి, ట్రియర్ దగ్గరి శిబిరంలో నెలల తరబడి ఉండి, 1941 మార్చిలో బయటపడ్డాడు. 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్' 1943లో, జర్మన్ల చేతిలో ఉన్న పారిస్‌లోనే అచ్చయింది. అందులో ఖైదీ ప్రస్తావన వస్తుంది. ఖైదీ అనుకున్నప్పుడల్లా బయటికి నడిచిపోగలడని ఆయన అనలేదు. పారిపోవడానికి ప్రయత్నించే స్వేచ్ఛ మాత్రం అతనికి ఎప్పుడూ ఉంటుందన్నాడు. పారిస్ విముక్తి పొందాక 1944 సెప్టెంబరులో రాసిన వ్యాసంలో ఇంకా ముందుకు వెళ్లాడు. ఆక్రమణ కాలంలోనే తాము ఎన్నడూ లేనంత స్వేచ్ఛగా ఉన్నామన్నాడు. పట్టుబడిన రహస్యోద్యమ సభ్యుడు చిత్రహింసల గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు, తోటివాళ్ల పేర్లు చెప్పాలా వద్దా అన్నది అతని బదులు ఎవరూ నిర్ణయించలేరు. ఒక్క పేరు నోరు జారితే ఎన్ని ప్రాణాలు పోతాయో అతనికి తెలుసు. ఆ నిర్ణయం ముందు అతను పూర్తిగా స్వతంత్రుడు. ఇందులో నిజం ఉంది. ఆ మాట అన్నవాళ్లు తమను గురించీ, తమతో పాటు ప్రాణాలొడ్డిన వాళ్లను గురించీ అన్నారు. నేను దాన్ని వాలుకుర్చీలో కూర్చుని ఎదుటివాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను.

'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్'లోనే ఒక కాఫీ హోటలు సర్వరు ఉంటాడు. అతని నడకలో చురుకు కాస్త ఎక్కువ, వంగడంలో వినయం కాస్త ఎక్కువ. సర్వరు తప్ప తాను మరేమీ కానట్టు ఆ పాత్రలో దాక్కుంటాడు. తన స్వేచ్ఛ నుంచి తనే తప్పించుకుంటాడు. దీన్ని ఆత్మవంచన అన్నాడు సార్త్ర్. లెక్చరరు ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఊరంతా ఆ సర్వరే కనిపించాడు. "నాన్నగారు ఒప్పుకోరండీ" అన్న విద్యార్థిని, "పైవాళ్ల ఆర్డరండీ" అన్న గుమాస్తా, "మాలో అలా కుదరదు మాస్టారూ" అన్న స్నేహితుడు. అందరినీ ఆ ఒక్క పేరుతో మనసులో కొట్టివేశాను. ఒప్పుకోకపోతే ఆ నాన్నగారు ఏం చేస్తారని ఆ పిల్లను అడగాలని నాకు తోచలేదు. చదువు మాన్పిస్తారా, కొడతారా, ఆ నెలలోనే పెళ్లి చేసేస్తారా? అడిగితే ఆమె చెప్పేదే. విన్నాక నేను ఏదో ఒకటి చెయ్యాల్సి వచ్చేది.

నాన్న 1979లో పోయారు. అమ్మ అంతకుముందే పోయింది. ఆస్తి అంటే నాన్న ఉద్యోగం చేసి కట్టిన ఇల్లు ఒక్కటే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా. నాకది తెలుసు. మా మేనమామకూ తెలుసు. "ఆడపిల్లకు పెళ్లి చేశాం, కట్నం ఇచ్చాం. ఇంకా ఇంట్లో వాటా ఏమిట్రా? విడుదల రాయించుకో" అన్నాడు. దస్తావేజు లేఖరి రాసిన కాగితంలో ఇలాంటి కాగితాలన్నిటిలో ఉండే మాటలే ఉన్నాయి. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి ఇష్టంతో, మనస్ఫూర్తిగా హక్కు వదులుకుంటున్నానని. చెల్లెలు చదివి సంతకం పెట్టింది. సబ్ రిజిస్ట్రారు అడిగితే "నా ఇష్టంతోనేనండీ" అంది. పసుపు కుంకుమ కింద చీర, కొంత డబ్బు ఇచ్చి పంపాం. నా మనసులో చిన్న ముల్లు కూడా గుచ్చుకోలేదు. ఆమె చదువుకున్న మనిషి, మేజరు, తన చేత్తో తను సంతకం చేసింది. స్వేచ్ఛకు ఇంతకంటే రుజువు ఏం కావాలి అనుకున్నాను.

ఆ సంతకం పెట్టకపోతే ఏమయ్యేదో ఇప్పుడు చెప్పగలను. అన్నతో మాటలు పోయేవి. సంక్రాంతికి పిలుపు పోయేది. అత్తవారింట్లో "నీ వెనక ఎవరున్నారు?" అని ఎవరైనా అంటే చెప్పుకోవడానికి పేరు పోయేది. సగం ఇల్లు కావాలంటే పుట్టిల్లు మొత్తం వదులుకోవాలి. జాన్ స్టూవర్ట్ మిల్ 1869లోనే, ఆడవాళ్ల అణచివేత మీద రాసిన పుస్తకంలో దీని గుట్టు విప్పాడు. పుట్టినప్పటి నుంచీ ఒప్పుకోవడమే మంచి గుణమని పెంచి, తర్వాత వాళ్ల ఒప్పుకోలునే న్యాయానికి సాక్ష్యంగా చూపించడం చెల్లదన్నది ఆయన వాదన సారాంశం. ఆ పుస్తకం నేను క్లాసులో పాఠం చెప్పినదే. మేనమామ స్టాంపు కాగితం బల్ల మీద పెట్టినప్పుడు మిల్ గుర్తుకు రాలేదు.

కొన్నేళ్ల తర్వాత ఒక వేసవిలో చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. భర్త ఆమె మీద చెయ్యి చేసుకుంటాడన్నది అప్పటికి మాకు కొత్త సంగతి కాదు. ఈసారి ముంజేయి వాచి ఉంది. వచ్చినప్పటి నుంచీ ఏమీ అనలేదు. ఒక సాయంత్రం వరండాలో నా ఎదురుగా కూర్చుని, "ఏం చెయ్యమంటావు అన్నయ్యా?" అంది.

నాకు వెంటనే పారిస్ కుర్రవాడు గుర్తొచ్చాడు. ఆ కథ ఆమెకు చెప్పాను. వాచిన ఆ చేతిని చూస్తూనే మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. చెప్పి, "వెళ్లమని చెప్పను, ఉండమని చెప్పను. ఏది చెప్పినా నీ స్వేచ్ఛను నేను లాక్కున్నట్టే. నీ జీవితం నీది. నువ్వే ఎంచుకో" అన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే గౌరవం కలిగింది. మేనమామ అయితే సర్దుకుపొమ్మని ఉండేవాడు. నేను అలా అనలేదు. ఆమెను నాతో సమానమైన మనిషిగా చూశానని నమ్మాను.

"సరే" అంది. ఆ వారంలోనే తిరుగు బస్సెక్కింది.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా హీనం. ఆమె వెళ్లిపోవడాన్ని సాక్ష్యంగా తీసుకున్నాను. దారి తెరిచే ఉంది, అయినా తనే అక్కడికి పోయింది, కాబట్టి ఆ బతుకు తను కోరుకున్నదే. మళ్లీ కొట్టాడని కబురొస్తే బాధ కలిగేది. ఆ బాధ వెనకే "ఎంచుకున్నది తనే కదా" అన్న మాట వచ్చి నన్ను నిద్రపుచ్చేది. నా పుస్తకాల్లోని అతి గొప్ప మాటను ఏళ్ల తరబడి అందుకే వాడుకున్నాను.

దారి తెరిచే ఉందట. ఏ దారి? ఆమెకు ఉద్యోగం లేదు. చేతిలో డబ్బు లేదు. పిల్ల బడి ఆ ఊళ్లో. తలదాచుకోగలిగిన చోటు ఈ ఇల్లొక్కటే, అది నా పేరు మీద ఉంది. అప్పటి వారసత్వ చట్టంలో 23వ సెక్షను ఒకటి ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో మగ వారసులు పంచుకోదలిచేదాకా కూతురు తన భాగం విడగొట్టమని అడగడానికి లేదు. పెళ్లయిన కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు సైతం లేదు, భర్త వదిలేసినా, భర్త నుంచి విడిపోయినా, భర్త పోయినా తప్ప. 2005 సవరణతో ఆ సెక్షను పోయింది. అంత పిసినారి సెక్షను కూడా, మొగుణ్ణి విడిచి వచ్చిన ఆడమనిషికి తండ్రి ఇంట్లో ఉండే హక్కుందని ఒప్పుకుంది. ఆ పాటి హక్కును కూడా నేను విడుదల కాగితంతో తుడిచేశాను. తుడిచేసి, ఆ ఇంటి వరండాలోనే కూర్చుని ఆమెకు స్వేచ్ఛ గురించి చెప్పాను. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. ఇక్కడ ఉండనా అని అడగలేక ఆమె ఏం చెయ్యమంటావని అడిగింది. "ఉండు" అన్న ఒక్క మాట నేను అనాల్సింది. అది అనేదాకా ఆమె ముందు రెండో దారి లేదు. లేని దారిని చూపించి ఎంచుకోమన్నాను.

చాలా ఏళ్లు గడిచాక సిమోన్ ద బోవా ఆత్మకథ రెండో సంపుటం 'ది ప్రైమ్ ఆఫ్ లైఫ్' చదువుతూ ఒక చోట ఆగిపోయాను. 1940లో సార్త్ర్ సైన్యం నుంచి సెలవు మీద వచ్చినప్పుడు వాళ్లిద్దరూ స్వేచ్ఛకూ పరిస్థితికీ ఉన్న సంబంధం గురించి వాదించుకున్నారు. అన్ని పరిస్థితులూ స్వేచ్ఛకు ఒకటే కావని బోవా పట్టు. అంతఃపురంలో తలుపులు వేసి ఉంచిన ఆడదానికి ఏ దారి ఉందని అడిగింది. ఆ బందీతనాన్ని కూడా రకరకాలుగా బతకవచ్చునన్నాడాయన. ఆమె చాలాసేపు దిగిరాలేదు, చివరికి పైపైన ఒప్పుకుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1960లో వచ్చిన ఆత్మకథలో, అసలుకు తన మాటే సరైనదని రాసింది.

పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాలుగు గోడల మధ్య ఉన్న ఆడమనిషి సంగతేమిటన్న ప్రశ్న, ఆ మహాగ్రంథం 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్' అచ్చు కాకముందే, దాన్ని రాయబోతున్నవాడి ముఖాన్నే ఒక స్త్రీ అడిగేసింది. నేను సార్త్ర్ పుస్తకాలన్నీ కొన్నాను. బోవాను ఆయన జీవిత సహచరిగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాను. 'ది సెకండ్ సెక్స్' 1949 నుంచీ ఉంది. ఆడవాళ్ల విషయాలు ఆడవాళ్లు చదువుకుంటారులే అనుకున్నాను. మనిషి స్వేచ్ఛ గురించి పాఠం చెప్పేవాణ్ణి, మనుషుల్లో సగం మందిని వేరే అల్మరాలో పెట్టి తాళం వేశాను. ఆనాటి పారిస్ హాల్లో కూర్చున్న ఆడవాళ్ల మాటేమిటని కూడా ఎన్నడూ ఆలోచించలేదు. ఫ్రాన్సులో ఆడవాళ్లు మొదటిసారి ఓటు వేసింది ఆ 1945 ఏప్రిల్‌లోనే. పెళ్లయిన ఆడది భర్త అనుమతి లేకుండా తన పేరిట బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఉద్యోగంలో చేరడానికీ అక్కడి చట్టం దారి ఇచ్చింది 1965లో. మనిషి పూర్తిగా స్వతంత్రుడన్న మాటను ఆ రాత్రి విని ఇంటికి వెళ్లిన గృహిణికి ఇంకో ఇరవై ఏళ్లపాటు సొంత ఖాతా తెరవడానికి మొగుడి సంతకం కావలసి వచ్చింది.

ఆ ఉపన్యాసం జరిగిన 1945లోనే సార్త్ర్ మిత్రుడు మెర్లో-పాంటీ 'ఫినామినాలజీ ఆఫ్ పెర్సెప్షన్' చివరి అధ్యాయంలో గట్టి అభ్యంతరమే లేవదీశాడు. అన్ని పనుల్లోనూ స్వేచ్ఛ ఒకే కొలతలో ఉంటే, ఇదీ స్వేచ్ఛతో చేసిన పని అని దేన్నీ వేరు చేసి చూపించలేం. బానిస భయపడుతూ బతికినా, గొలుసు తెంచుకున్నా రెండూ సమానంగా స్వేచ్ఛే అయితే, ఆ గొలుసు గురించి ఎవరూ బాధపడాల్సిన పని ఉండదు. నాకు నిజంగా ఆ బాధ తప్పిపోయింది. సార్త్ర్‌లో నాకు నచ్చింది అదేనేమో అని ఇప్పుడు భయమేస్తుంది.

ఎందుకంటే సార్త్ర్ స్వయంగా ఆ మాట వదిలేశాడు. 1969లో 'న్యూ లెఫ్ట్ రివ్యూ' అనే పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, తన పాత నాటకాల సంపుటికి రాసుకున్న ముందుమాట మళ్లీ చదివి నిర్ఘాంతపోయానన్నాడు. ఎలాంటి పరిస్థితిలోనైనా, ఎక్కడైనా, ద్రోహి కావాలో వద్దో ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి ఉంటుందని అందులో రాశాడు. అది తాను నిజంగా నమ్మానంటే తనకే నమ్మశక్యంగా లేదన్నాడు. యుద్ధం నాటి వీరత్వం తన చూపును అలా మలిచిందని వివరించాడు. అప్పటికి స్వేచ్ఛకు ఆయన ఇచ్చుకున్న అర్థం చాలా చిన్నది. సమాజం ఒక మనిషిని ఎలా తయారుచేస్తే ఆ మనిషి అచ్చంగా అలాగే తిరిగి పలకకుండా మిగిల్చుకునే ఆ కాస్త తేడా, అంతే. నేను ఎం.ఎ.లో చేరేనాటికే ఈ ఇంటర్వ్యూ అచ్చయి ఉంది. పాఠాలు చెప్పిన ఏళ్లన్నీ, గురువు విడిచిపెట్టిన మాటనే నేను పట్టుకుని ఉన్నాను.

ఇలాంటి స్వేచ్ఛ మాట చాలా పాతది. ఎపిక్టెటస్ రోమన్ల కాలంలో బానిసగా బతికినవాడు. శరీరం ఇతరుల చేతిలో ఉన్నా మనసు తన చేతిలోనే ఉందని నేర్పాడు. ఇలాంటి ఆలోచన మీద ఐజయా బెర్లిన్ 1958లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఉపన్యాసంలో గట్టి విమర్శ చేశాడు. బయట దారులు మూసుకుపోయినప్పుడు మనిషి తన కోరికలను కుదించుకుని లోపలి కోటలోకి వెనక్కి తగ్గుతాడు, ఆ తగ్గడాన్నే స్వేచ్ఛ అనుకుంటాడు అని. బెర్లిన్ విమర్శ నాకు సబబుగానే తోస్తుంది. కానీ నా తప్పు ఇంకో చోట ఉంది. మనసు నాదేనని బానిస తనకు తాను చెప్పుకుంటే అది అతనికి ప్రాణాధారం, దాన్ని తప్పుపట్టడానికి నేనెవర్ని? అదే మాట యజమాని నోట బానిసకు వినిపిస్తే అది మరో కొరడా. ఆ వరండాలో నేను ఏ స్థానంలో కూర్చుని మాట్లాడానో చూసుకోలేదు. ఇంటి దస్తావేజు నా బీరువాలో ఉంది.

ఇంతవరకూ అర్థమయ్యాక ఆగి ఉంటే బాగుండేది. అర్థమైందన్న తొందరలో రెండో తెలివితక్కువ పని చేశాను.

ఈ మధ్యలో ఆర్థికవేత్త అమర్త్య సేన్ రచనలు చదివాను. ఆయన తరచూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడాది, 1944లో, కలకత్తాకు దగ్గరి సింగూరులో జనం ఆరోగ్యం మీద ఒక సర్వే చేశారు. మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, భార్యలు పోయిన మగవాళ్లలో చాలామంది బాగాలేదన్నారు. భర్తలు పోయిన ఆడవాళ్లలో అలా అన్నవాళ్లు బహు కొద్దిమంది. ఆ ఆడవాళ్లు నిజంగా ఆరోగ్యంగా ఉన్నారని కాదు. తమ బాధను బాధగా లెక్కపెట్టుకునే అలవాటే వాళ్లకు మిగల్లేదు. ఏళ్ల లేమి మనిషి కోరికలనే కత్తిరిస్తుందని, అందుకే పైకి చెప్పే తృప్తిని నమ్మి న్యాయం కొలవకూడదని సేన్ వాదన. చదువుతూ ఏడ్చాను. అందులో నా చెల్లెలు కనిపించింది, "నా ఇష్టంతోనేనండీ" అన్న ఆమె గొంతు వినిపించింది.

అప్పటికి ఆమె భర్త పోయి చాలా కాలమైంది. కూతురు నర్సుగా పనిచేస్తోంది. వాళ్లుండే అద్దె ఇంటికి వెళ్లి, నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ చెప్పాను. ఆనాటి విడుదల కాగితం అన్యాయమని చెప్పాను. వరండాలో అన్న మాటకు క్షమించమన్నాను. అక్కడితో ఆగలేదు. "నువ్వు తిరిగి వెళ్లడం అసలు నీ నిర్ణయమే కాదమ్మా. నీకు స్వేచ్ఛే లేదు. అలా నిన్ను తయారు చేశాం" అన్నాను.

ఆమె అంతవరకూ నిశ్శబ్దంగా వింది. ఆ మాటకు మాత్రం ముఖం ఎర్రబడింది.

"నిర్ణయం నాది కాదని నీకెవరు చెప్పారు? నువ్వు ఉండమనవని నాకు బస్సు దిగకముందే తెలుసు. అయినా ఒక్కసారి అడిగి చూద్దామని వచ్చాను. నువ్వు ఏదో కథ చెప్పావు. సరే, ఇక్కడ కాదు, అక్కడే ఏదో చూసుకోవాలి అనుకున్నాను. దాని చదువు అయ్యేదాకా ఆ ఊరు వదలకూడదు, నా డబ్బు ఆయన చేతికి తగలకూడదు. రెండూ బస్సులో కూర్చునే అనుకున్నాను. ఇంటింటికీ తిరిగి జాకెట్లు కుట్టాను. పోస్టాఫీసులో దాని పేరు మీద కట్టాను. పాసు పుస్తకం ఇంట్లో ఉంటే లాక్కుంటాడని టీచరమ్మ దగ్గర పెట్టాను. నర్సింగు ఫీజు ఆ డబ్బుతోనే కట్టాను. ఇవన్నీ ఎవరు నిర్ణయించారనుకున్నావు అన్నయ్యా? అప్పుడేమో అంతా నేనే ఎంచుకున్నానన్నావు. ఇప్పుడేమో నేను ఏదీ ఎంచుకోలేదంటున్నావు. రెండుసార్లూ నువ్వే చెప్పావు. నన్ను అడగలేదు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆమె దెబ్బలు ఆమె ఎంచుకున్నవి కావు. ఆ దెబ్బల మధ్య దాచిన ప్రతి రూపాయీ ఆమె ఎంచుకున్నదే. ఈ రెంటినీ కలిపి చూడటం నాకు చేతకాలేదు. మొదట రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని మాపేశాను, తర్వాత మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని. సార్త్ర్ చివరికి మిగుల్చుకున్న ఆ కాస్త తేడా ఆమె పాసు పుస్తకంలో ఉంది, నేను దాన్ని కూడా ఆమె దగ్గర్నుంచి తీసేసుకోబోయాను. సేన్‌ను కూడా సగమే చదివానని తర్వాత తెలిసింది. 1999లో వచ్చిన 'డెవలప్‌మెంట్ యాజ్ ఫ్రీడమ్'లో ఆయన స్త్రీల కర్తృత్వం మీద ఒక అధ్యాయమే పెట్టాడు. ఆడవాళ్లను సాయం అందుకునే చేతులుగా చూడటం చాలదు, మార్పు తెచ్చే మనుషులుగా చూడాలని వాదించాడు. నాకు నచ్చిన పేజీ దగ్గర ఏడ్చి, అక్కడే పుస్తకం మూసేశాను.

కాసేపటికి ఆమె చల్లబడింది. టీ పెట్టి తెచ్చింది. ఇచ్చి, "ఆ దేశం అబ్బాయి కథ చెప్పావే, ఆ తల్లిని ఎవరైనా అడిగారా?" అంది.

ఇంటికి వచ్చి ఆ ఉపన్యాసం మళ్లీ చదివాను. ఆ తల్లి కొడుకు కోసమే బతుకుతోందని, అతను వెళ్లిపోతే కుంగిపోతుందని ఉంది. అది కొడుకు అనుకున్నది. ఆమె ఏమన్నదో లేదు. పెద్ద కొడుకును పోగొట్టుకున్న మనిషి, భర్త శత్రువుతో చేతులు కలపడం చూసి తట్టుకోలేకపోయిన మనిషి, చిన్నకొడుకును యుద్ధానికి వెళ్లమని తనే అని ఉండేదేమో. ఒద్దని కాళ్లు పట్టుకునేదేమో. గురువూ శిష్యుడూ ఆమె బతుకును తక్కెడలో ఒకవైపు పెట్టి తూచారు, ఆమెను మాత్రం ఆ గదిలోకి పిలవలేదు. ఎన్నిసార్లు చదివాను, ఎంతమందికి చెప్పాను! ఒక్కసారి కూడా ఆ తల్లి నాకు మనిషిగా తోచలేదు. చెల్లెలు ఒక్కసారే విని, అన్నేళ్లు గుర్తుపెట్టుకుని, సరిగ్గా ఆమె గురించి అడిగింది.

తర్వాతిసారి వెళ్లినప్పుడు ఇంట్లో సగం తన పేరు మీద రాసిస్తానన్నాను. ఒద్దనలేదు. "వదినను అడిగావా?" అంది.

అడగలేదు. నేను కొలువులో ఉన్నన్నాళ్లూ ఆ ఇంటిని నిలబెట్టింది నా భార్య. మేడ మీది గది ఆమె గాజులు అమ్మిన డబ్బుతో వేసింది. ఆమె నడుస్తున్న నేల సగం ఇచ్చేస్తానని నేను ఇంకో ఇంట్లో కూర్చుని మాట ఇచ్చేశాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమెకు సంగతి చెప్పాను. "అడగడానికి వచ్చారా, చెప్పడానికి వచ్చారా?" అంది. అడగడానికే అన్నాను. అప్పటికప్పుడు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున టేపు తెమ్మని, వెనక గోడ నుంచి వీధి గుమ్మం దాకా నాతో కొలిపించింది. మీ చెల్లెలి వాటా ఆమెకు ఇవ్వాల్సిందే, అది ఎప్పుడో ఇవ్వాల్సింది అంది. మేడ మీది గది మాత్రం లెక్కలోకి రాకూడదు. మీటర్లు వేరు చేయించాలి. బోరు ఉమ్మడిగా ఉంచాలి. రేపు ఆమె తన భాగం అమ్ముకుంటానన్నా, ఎవరికైనా అద్దెకిస్తానన్నా మీరు అడ్డం పడకూడదు, అది కాగితంలో రాయించండి అంది. చెప్పింది చెప్పినట్టు రాసుకుని చెల్లెలికి ఫోన్ చేసి చదివాను. అన్నిటికీ సరేనంది, ఒక్కటి తప్ప. బోరు ఉమ్మడి ఒద్దంది. తన వైపు తను వేరే వేయించుకుంటానంది.